కండరంలో ప్రాస్‌బీటా1 ఆర్‌ఎన్‌ఏఐ: థొరాక్స్ కరగని భాగంలో తేడా నిలవడం లేదు, మెదడు దాకా వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

థొరాక్స్_టేబుల్ (ప్రశ్న)

మెంఫిస్‌లోని సెయింట్ జూడ్‌లో ఫాబియో డెమోంటిస్ బృందం 2021లో సెల్ మెటబాలిజంలో వేసిన పేపర్ ఈగలతో పనిచేసేవాళ్లకు తెలిసే ఉంటుంది. పండ్ల ఈగ కండరంలో మాత్రమే ప్రోటియాసోమ్ (కణంలో పనికిరాని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) పని కొంత తగ్గిస్తే, ఆ ఒత్తిడికి కండరం అమైరెల్ అనే అమైలేజ్‌ను ఎక్కువగా చేస్తుంది. దాని వల్ల పెరిగే మాల్టోజ్ అనే చక్కెర రెటీనాను, మెదడును కాపాడుతుంది. వయసుతో అక్కడ పేరుకునే పాలీయుబిక్విటిన్ ప్రోటీన్లు (పారేయాలని యుబిక్విటిన్ గొలుసుతో గుర్తు పడినవి) తగ్గుతాయి. ముందు దీన్ని మా దగ్గర నిలబెట్టి, తర్వాత హంటింగ్‌టన్ మోడల్ మీదకు తీసుకెళ్లాలని ప్లాన్.

క్రాస్: ఎంహెచ్‌సీ-గాల్4 × యూఏఎస్-ప్రాస్‌బీటా1-ఆర్‌ఎన్‌ఏఐ. మొదటిది కండరంలో పనిచేసే డ్రైవర్, అది నడిపే రెండోది ప్రాస్‌బీటా1 అనే ప్రోటియాసోమ్ భాగాన్ని తగ్గిస్తుంది. కంట్రోల్‌గా డ్రైవర్ × డబ్ల్యూ1118 (వైట్ అనే కంటి రంగు జన్యువు పనిచేయని ల్యాబ్ లైన్). 25 డిగ్రీలు, 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి, వయల్‌కు 25 ఈగలు, వారానికి మూడుసార్లు మేత మార్పు. 1వ వారం, 5వ వారం శాంపిళ్లు. ఒక్కో శాంపిల్‌కు 8 థొరాక్స్‌లు (ఈగ నడుమభాగాలు). 1% ట్రైటాన్ (డిటర్జెంట్) ఉన్న పీబీఎస్ బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పెల్లెట్‌ను (అడుగున దిగిన కరగని భాగం) 8 మోలార్ యూరియా, 5% ఎస్‌డీఎస్ (ఇంకా గట్టి డిటర్జెంట్) కలిపిన రిపా బఫర్‌లో కరిగిస్తున్నాం.

ఇబ్బందులు ఇవి. పెల్లెట్ కరిగించేటప్పుడు ట్యూబ్‌లో తెల్లని పొడి తేలుతోంది, జెల్ మీద ఆ లేన్లు వంకర పోతున్నాయి. పీ4డీ1 అనే యుబిక్విటిన్ యాంటీబాడీతో బ్లాట్‌లో చూస్తే 5వ వారం స్మియర్ (లేన్ పొడవునా పరుచుకునే మరక) ఒకసారి బాగా ఎక్కువ, ఒకసారి 1వ వారంతో సమానం. కరిగిన భాగంలో ఎప్పుడూ తేడా లేదు. పైకెక్కే పరీక్షలో ఆర్‌ఎన్‌ఏఐ ఈగల స్కోరు తగ్గింది కానీ కంట్రోల్ కూడా వయల్‌ను బట్టి మారుతోంది. ఇవన్నీ తేలకుండా మెదడులో తేడా వచ్చినా అది కండరం పంపిన సంకేతం వల్లే అని ఎలా చెప్పాలి?

ఇంకో చిన్న సందేహం: మాల్టోజే అసలు విషయమైతే మేతలో మాల్టోజ్ కలిపేస్తే సరిపోదా?

పెల్లెట్_పక్షం

ముందు బ్లాట్ సంగతి. కరిగిన భాగంలో తేడా లేకపోవడం తప్పేం కాదు. వయసుతో పెరిగేది ప్రధానంగా డిటర్జెంట్‌కు లొంగని భాగమే. కాబట్టి మీ గొడవంతా పెల్లెట్ దగ్గరే ఉంది.

ఆ తెల్లని పొడి చాలావరకు పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ అయి ఉంటుంది. పీబీఎస్‌లో పొటాషియం క్లోరైడ్, పొటాషియం ఫాస్ఫేట్ ఉంటాయి. పెల్లెట్ మీద పీబీఎస్ మిగిలి ఉండగా 5% ఎస్‌డీఎస్ పోస్తే, అదీ ట్యూబ్ ఐస్ మీద ఉంటే, వెంటనే తెల్లగా దిగిపోతుంది. కడిగే చివరి రౌండ్ పొటాషియం లేని ట్రిస్-సోడియం క్లోరైడ్ బఫర్‌తో చేయండి, అందులోనూ 1% ట్రైటాన్ ఉంచండి. కరిగించే పని గది ఉష్ణోగ్రత దగ్గర చేయండి, ఐస్ మీద వద్దు. అలాగని మరిగించకండి. యూరియా వేడెక్కితే సయనేట్ పుట్టి లైసిన్లను కార్బమైలేట్ చేస్తుంది. 37 డిగ్రీలు దాటించకపోవడం మంచిది.

లేన్లు వంకర పోవడానికి రెండో కారణం డీఎన్‌ఏ. న్యూక్లియస్‌లు ట్రైటాన్‌కు పూర్తిగా కరగవు, పెల్లెట్‌లోకే వస్తాయి. అందులో యూరియా, ఎస్‌డీఎస్ పోయగానే శాంపిల్ జిగురై పిపెట్ చివర తీగలా సాగుతుంది. బెంజోనేజ్ వాడాలంటే ఎస్‌డీఎస్ కలపక ముందే, కడిగే దశలో, 2 మిల్లీమోలార్ మెగ్నీషియం ఉంచి వాడాలి. మీ ప్రోటియేజ్ ఇన్హిబిటర్ మాత్రలో ఈడీటీఏ ఉంటే మెగ్నీషియాన్ని అదే పట్టేసుకుంటుంది, అందుకే ఈడీటీఏ లేని మాత్ర తీసుకోండి. ఎంజైమ్ వద్దనుకుంటే కరిగించాక సోనికేటర్‌లో కాసేపు పెట్టడమో, సన్నని సూదిలోంచి పదిసార్లు లాగడమో చేసినా చాలు.

స్మియర్ ఒక్కోసారి ఒక్కోలా రావడానికి నేను మొదట అనుమానించేది డీయుబిక్విటినేజ్‌లను. నూరిన క్షణం నుంచి అవి గొలుసులను కత్తిరిస్తూనే ఉంటాయి. వాటిని ఆపడానికి బఫర్‌లో ఎన్-ఇథైల్‌మాలిమైడ్ 10 నుంచి 20 మిల్లీమోలార్ ఉండాలి. దాన్ని ఇథనాల్‌లో అప్పటికప్పుడు కలుపుకోవాలి, నీళ్లలో నిల్వ ఉంచితే చెడిపోతుంది. అదే బఫర్‌లో డీటీటీ ఉంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. డీటీటీని లోడింగ్ బఫర్ దశ దాకా ఆపండి. రేపు మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపే ఆలోచన ఉంటే మాత్రం అయోడోఅసిటమైడ్ జోలికి పోవద్దు. లైసిన్ మీద అది రెండుసార్లు అతుక్కుంటే, ట్రిప్సిన్ కోత తర్వాత యుబిక్విటిన్ వదిలిన గ్లైసిన్-గ్లైసిన్ ముక్కకు సరిగ్గా అంతే బరువు పెరుగుతుంది. అక్కడ క్లోరోఅసిటమైడ్ వాడతారు.

వరుస ఇలా పెట్టుకోండి. ఈగలను చల్లబరిచి తల, పొట్ట, కాళ్లు, రెక్కలు తీసేసి థొరాక్స్‌లను వెంటనే మైనస్ 80లో గడ్డకట్టించాలి. ఆడ ఈగలైతే పొట్ట ముక్క ఏమాత్రం మిగలకూడదు, అండాశయంలో యుబిక్విటిన్ ప్రోటీన్లు ఎక్కువ. 10 థొరాక్స్‌లకు 150 మైక్రోలీటర్ల చల్లని ట్రైటాన్ బఫర్ సరిపోతుంది. పూసలతో నూరితే 30 సెకన్లు నూరడం, ఒక నిమిషం ఐస్. ఆపకుండా నూరితే నురగ వస్తుంది, ఆ వేడికి, కరిగి ఉన్న ప్రోటీన్ కూడా ముద్దకట్టి పెల్లెట్‌లో చేరుతుంది. అప్పుడు యవ్వనంలోని ఈగ కూడా ముసలిదిలా కనిపిస్తుంది. 14,000 ఆర్‌పీఎం దగ్గర 4 డిగ్రీల్లో 10 నిమిషాలు తిప్పి పైద్రవం తీసేయాలి. పెల్లెట్ కడిగి మళ్లీ 5 నిమిషాలు తిప్పాలి. ఆ కడిగిన నీరు ఒక్క చుక్క మిగలకుండా సన్నని టిప్‌తో లాగేయాలి. పెల్లెట్‌లో పైపెంకు ముక్కలు ఉంటాయి కాబట్టి యూరియా బఫర్‌లో కరిగించాక ఇంకోసారి తిప్పి పైన తేరినదే జెల్‌కు వాడాలి.

కొలత దగ్గర కూడా జారిపోతారు. ప్రోటీన్ కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష ఎస్‌డీఎస్ ఉంటే పనికిరాదు. బీసీఏ పరీక్ష 5% ఎస్‌డీఎస్‌ను తట్టుకుంటుంది కానీ యూరియా 3 మోలార్ దాకానే, కాబట్టి పలచన చేసి కొలవాలి. కరగని భాగానికి ట్యూబ్యులిన్‌ను లోడింగ్ కంట్రోల్‌గా పెట్టడం అర్థం లేని పని, అది ఉండేది కరిగిన భాగంలో. పాన్సో రంగుతో లేన్ మొత్తం ప్రోటీన్ తీసుకోండి. 4–20% గ్రేడియంట్ జెల్, తడి ట్రాన్స్‌ఫర్, రాత్రంతా తక్కువ వోల్టేజ్. స్టాకింగ్ జెల్ కోసి పారేయకండి, పెద్ద ముద్దలు బావి అడుగునే ఇరుక్కుంటాయి.

పీ4డీ1 విడి యుబిక్విటిన్‌ను కూడా పట్టుకుంటుంది. ఎఫ్‌కే2 యాంటీబాడీ అయితే, ప్రోటీన్లకు అతికినదాన్నే చూస్తుంది. దానికి మారండి. రెఫ్(2)పీ (కణం తన చెత్తను కరిగించే ఆటోఫజీ ఆగితే పేరుకునే ప్రోటీన్) కూడా చూడండి కానీ అది పెరిగిందని సంబరపడే ముందు దాని ఎంఆర్‌ఎన్‌ఏను క్యూపీసీఆర్‌లో కొలవండి. ఒత్తిడిలో ఆ జన్యువే ఎక్కువగా పనిచేయొచ్చు, ఆటోఫజీ ఆగిందని అర్థం కానక్కర్లేదు.

గాల్80

బ్లాట్ సరిచేసినా ఈ క్రాస్‌తో మెదడు గురించి ఏమీ చెప్పలేరండి. మీ కంట్రోల్ సరిపోదు.

డ్రైవర్ × డబ్ల్యూ1118 అంటే ఒక పక్క ఆర్‌ఎన్‌ఏఐ యంత్రాంగం పనిచేస్తోంది, రెండో పక్క లేదు. పైగా మినీ-వైట్ (లైన్లలో గుర్తుగా పెట్టే కంటి రంగు జన్యువు) కాపీల సంఖ్య కూడా వేరు. వైట్ జన్యువు లోపిస్తే ఈగ పైకెక్కడమే తగ్గుతుంది. కంటి రంగు తేడాను కండరం తేడాగా రాసుకునే ప్రమాదం ఉంది. ఈగలో లేని ఎంచెర్రీ మీదో, వైట్ మీదో గురిపెట్టిన ఆర్‌ఎన్‌ఏఐ, వీలైతే అదే అటాచ్‌మెంట్ సైట్‌లో ఉన్న లైన్, కంట్రోల్‌గా తీసుకోండి. అన్ని లైన్లనూ ఒకే నేపథ్యంలోకి ఆరు తరాలైనా బ్యాక్‌క్రాస్ చేయాలి. బెంగళూరు ఎన్‌సీబీఎస్ ప్రాంగణంలోని ఫ్లై ఫెసిలిటీ నుంచి గానీ బ్లూమింగ్‌టన్ నుంచి గానీ వచ్చిన స్టాక్‌ను వచ్చినట్టే ఆయుష్షు ప్రయోగంలో పెట్టడం వృథా. ప్రాస్‌బీటా1 మీద వేరే చోట గురిపెట్టిన రెండో ఆర్‌ఎన్‌ఏఐ లైన్ కూడా ఉండాలి.

తర్వాత ఒత్తిడి మోతాదు. ఇక్కడ కిటుకంతా మితంలోనే ఉంది. ప్రోటియాసోమ్‌ను మరీ తగ్గిస్తే ప్యూపా దశలోనే పోతాయి, లేదా బయటికొచ్చినవి రెక్క ఎత్తలేవు. మరీ తక్కువైతే కణం జన్యువులను ఆన్ చేసే ఎన్‌ఆర్‌ఎఫ్ తరహా కారకాలతో, ఈగలో సీఎన్‌సీ ద్వారా, కొత్త సబ్‌యూనిట్లు చేసుకుని లోటు పూడ్చుకుంటుంది. పేపర్ పేరులో ఉన్న 'స్ట్రెస్' ఈ రెండింటి మధ్య ఇరుకు సందులో ఉంటుంది. గాల్4 బలం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది కాబట్టి 22, 25, 27 డిగ్రీల్లో వేరువేరుగా చూసి ఎంచుకోండి. కంట్రోల్ కూడా అదే ఉష్ణోగ్రతలో పెరగాలి, ఎందుకంటే వేడి పెరిగితే ఈగ ఆయుష్షే తగ్గుతుంది.

ఎంత తగ్గిందో ఎంఆర్‌ఎన్‌ఏతో సరిపెట్టకుండా ఎంజైమ్ పని కొలవండి. చాలామంది ఎల్‌ఎల్‌వీవై-ఏఎంసీ (కోస్తే వెలిగే సబ్‌స్ట్రేట్) ఒక్కటే వాడతారు, అది చూపేది బీటా5 చేసే కైమోట్రిప్సిన్ తరహా కోత. బీటా1 చేసేది కాస్పేజ్ తరహా కోత, దానికి ఎల్‌ఎల్‌ఈ-ఏఎంసీ పెట్టాలి. రెండూ కొలిస్తేనే లోపం బీటా1 దగ్గరే ఆగిందా, మొత్తం ప్రోటియాసోమ్ కూర్పే తగ్గిందా అనేది తెలుస్తుంది. ఈ లైసేట్‌లో ఎన్-ఇథైల్‌మాలిమైడ్ వద్దు, ప్రోటియేజ్ ఇన్హిబిటర్ మాత్ర వద్దు, ఎస్‌డీఎస్ అసలే వద్దు. ఏటీపీ, మెగ్నీషియం ఉండాలి, లేకపోతే 26ఎస్ (పూర్తి ప్రోటియాసోమ్) విడిపోతుంది. ప్రతి శాంపిల్‌కూ ప్రోటియాసోమ్‌ను ఆపే బోర్టెజోమిబ్ కలిపిన జంట బావి పెట్టి ఆ రీడింగ్ తీసేయండి. థొరాక్స్‌లో ఇతర ప్రోటియేజ్‌లు కూడా ఆ సబ్‌స్ట్రేట్‌ను కొరుకుతాయి.

మీ అసలు ప్రశ్నకు వస్తే, మెదడులో తేడా కండరం వల్లే అనాలంటే మూడు తలుపులు మూయాలి.

మొదటిది లీకేజీ, అంటే డ్రైవర్ కండరం బయట కూడా పనిచేయడం. ఎంహెచ్‌సీ-గాల్4 × యూఏఎస్-జీఎఫ్‌పీ ఈగల మెదడు, రెటీనా కోసి 1వ వారం, 5వ వారం రెండుసార్లూ చూడండి. అనుమానం ఉంటే ఈలావ్-గాల్80 కలిపి న్యూరాన్లలో గాల్4 నోరు నొక్కేసి, ఫలితం అప్పటికీ నిలుస్తుందో లేదో చూడాలి.

రెండోది తిండి. ఇది చాలామంది వదిలేస్తారు. డెమోంటిస్ హార్వర్డ్‌లో నార్బర్ట్ పెరిమాన్ ల్యాబ్‌లో ఉన్నప్పటి 2010 సెల్ పేపర్ మళ్లీ చదవండి. కండరంలో ఫాక్సో, 4ఈ-బీపీ అనే ప్రోటీన్లను పెంచితే కండరంతో పాటు మెదడు, రెటీనా, కొవ్వు కణజాలంలో కూడా ప్రోటీన్ ముద్దలు తగ్గాయి. అయితే ఆ ఈగలు మేత తక్కువ తిన్నాయి, మెదడులోని కణాల నుంచి ఇన్సులిన్ విడుదల కూడా తగ్గింది. అంటే కండరం పంపే సంకేతం ఆకలి మీదుగా తిరిగి వెళ్లొచ్చు. 2021 ఫలితాన్ని దానికన్నా వేరైన దారి అని చెప్పాలంటే మీ ఈగలు తినేది సమానమని చూపాలి. క్యాపిలరీ ఫీడర్ ఉంటే సరే, లేదంటే నీలిరంగు కలిపిన మేత పెట్టి, ఈగలను నూరి 630 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. బలహీనపడిన ఈగ క్యాపిలరీ దాకా పైకెక్కలేక తక్కువ తింటుంది, దాన్ని ఆకలి లేకపోవడంగా లెక్కించకండి. ఇలాంటి ఈగలకు రంగు పద్ధతే నయం.

మూడోది పెరిగే దశ. ఎంహెచ్‌సీ-గాల్4 లార్వా నుంచే పనిచేస్తుంది. పెద్దయ్యాక మాత్రమే ఆన్ చేయాలంటే జీన్‌స్విచ్ (మందు పెడితేనే పనిచేసే గాల్4), దాని మందు ఆర్‌యూ486 ఉన్నాయి. కానీ జీన్‌స్విచ్, ఆర్‌యూ486 వాటంతటవే కణజాలాన్ని బట్టి జన్యువుల పనిని, కండర సామర్థ్యాన్ని మారుస్తాయని అదే బృందం 2019లో హెచ్చరించింది. జతకట్టిన ఆడ ఈగల ఆయుష్షును ఆర్‌యూ486 ఒక్కటే పెంచుతుందని కూడా తెలుసు. మగ ఈగలు తీసుకోండి. డ్రైవర్ ఒక్కటే ఉన్న ఈగలకు మందు పెట్టిన కంట్రోల్ లేకుండా ఆ డేటా నమ్మకండి.

హంటింగ్‌టన్ మోడల్‌కు వెళ్లినప్పుడు యూఏఎస్-హంటింగ్టిన్ (ఆ వ్యాధి తెచ్చే విషపు ప్రోటీన్) వాడితే పని చెడుతుంది. కండరంలో గాల్4, కంటిలో గాల్4 రెండూ ఉంటే ఆర్‌ఎన్‌ఏఐ కంటిలోనూ, హంటింగ్టిన్ కండరంలోనూ వస్తాయి. విషపు ప్రోటీన్‌ను గాల్4తో కలవని క్యూ-సిస్టమ్‌లోకో లెక్స్‌ఏలోకో మార్చి న్యూరాన్లలో నడపండి, గాల్4ను కండరానికి వదిలేయండి. లైన్లు కట్టడానికి సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టడం మేలు.

నెమ్మది_ఈగ

పైకెక్కే పరీక్ష గురించి కొంచెం.

కార్బన్ డయాక్సైడ్ మత్తు ఇచ్చిన రోజు పరీక్ష పెట్టొద్దు, కనీసం 24 గంటలు గడవాలి. రోజూ ఒకే గంటలో, ఒకే వెలుగులో చేయండి. ఖాళీ వయల్‌లోకి 20 ఈగలను మత్తు లేకుండా తట్టి దించి, కాసేపు కుదురుకోనిచ్చి, గట్టిగా కొట్టి అడుగుకు దించాలి. 20 సెకన్లలో ఎన్ని పైకి చేరాయో వీడియోలో లెక్కించాలి. కంటితో లెక్కిస్తే జన్యురకం తెలిసిన చేయి తెలియకుండానే మొగ్గుతుంది, లేబుళ్లు ఇంకొకరు మార్చి ఇవ్వాలి. మేత తడిగా ఉండి రెక్కలు అంటుకున్న వయల్‌లో స్కోరు పడిపోతుంది. మీ కంట్రోల్ వయల్‌ను బట్టి మారడానికి సగం కారణం అదే అయి ఉంటుంది. వర్షాకాలంలో ఇంక్యుబేటర్ తేమ 60% దగ్గర నిలుస్తోందో లేదో చూడండి.

అన్నీ సరిగ్గా చేసినా ఈ పరీక్ష కండరాన్ని విడిగా చూపదు. ఈగ పైకెక్కాలంటే కాలి కండరం, మోటార్ న్యూరాన్, మెదడు, దెబ్బకు స్పందించే ఇంద్రియం అన్నీ పనిచేయాలి. మీరు బ్లాట్ చేస్తున్నది మాత్రం ఎక్కువభాగం థొరాక్స్‌లోని ఎగిరే కండరం. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి రాస్తే రివ్యూయర్ పట్టుకుంటారు. ఎగిరే పరీక్ష, అంటే నూనె పూసిన పొడవాటి గొట్టంలోకి వదిలి ఎంత ఎత్తులో గోడకు అంటుకున్నాయో చూసేది, ఆ కండరానికి దగ్గర. ఇంకోటి, 5వ వారానికి బలహీనమైనవి చచ్చిపోయి గట్టివే మిగులుతాయి. ఎక్కే స్కోరు పక్కన బతికినవాటి శాతం లేకపోతే ఆ గ్రాఫ్ ఎటైనా చదువుకోవచ్చు.

ఇమ్యునోస్టెయినింగ్ కూడా చేయండి, బ్లాట్ ఒక్కటే వద్దు. థొరాక్స్‌ను 4% పారాఫార్మాల్డిహైడ్‌లో ఉంచి, లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, కొత్త బ్లేడ్‌తో నిలువుగా రెండు చేయాలి. బ్లేడ్ పాతబడితే పోగులు నలిగిపోయి ముద్దల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. కండరపు పోగులకు రంగు పట్టించే ఫాలాయిడిన్ చిన్న అణువు, లోపలిదాకా ఇట్టే వెళ్తుంది. యాంటీబాడీ అలా వెళ్లదు. ఫాలాయిడిన్ బాగుందని యాంటీబాడీ కూడా చేరిందనుకోవద్దు. ప్రైమరీని 4 డిగ్రీల్లో రాత్రంతా ఉంచి, కోసిన ముఖం నుంచి ఒకే లోతులో ఉన్న పొరలనే అన్ని శాంపిళ్లలో లెక్కించండి. శ్వాసనాళాలు నీలి ఛానెల్‌లో వాటంతటవే వెలుగుతాయి, సెకండరీ ఒక్కటే వేసిన కంట్రోల్ తప్పనిసరి.

థొరాక్స్_టేబుల్

పొటాషియం విషయం సరిగ్గా సరిపోయింది, చివరి వాష్ ట్రిస్‌తో చేస్తే పొడి రావడం లేదు. ఎల్‌ఎల్‌ఈ-ఏఎంసీ ఆర్డర్ పెడుతున్నాం. మాల్టోజ్ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. అలాగే అమైరెల్ కండరం నుంచి రక్తంలోకి వచ్చిందని చూపాలంటే హీమోలింఫ్‌లో బ్లాట్ చాలా?

పెల్లెట్_పక్షం

మేతలో కలిపిన మాల్టోజ్ మాల్టోజ్‌గా మెదడు చేరుతుందన్న నమ్మకం లేదు. ఈగ పేగులో మాల్టేజ్‌లు బోలెడు, అవి దాన్ని గ్లూకోజ్‌గా విరగ్గొడతాయి. మీరు చేసేది చివరికి చక్కెర ఎక్కువైన మేత ప్రయోగం అవుతుంది, దానితో వచ్చే ఇన్సులిన్ చిక్కులు వేరు. పేపర్‌లో మనిషి మెదడు ఆర్గనాయిడ్లను వేడి ఒత్తిడికి గురిచేసినప్పుడు మాల్టోజ్ పనిచేసింది. అక్కడ పేగు లేదు, మాల్టోజ్ కల్చర్‌లోని కణాలను నేరుగా తాకింది. ఈగలో చూడాలంటే కండరంలో అమైరెల్‌ను పెంచి, మెదడులో మాల్టోజ్‌ను కణాల్లోకి చేర్చే ఎస్‌ఎల్‌సీ45 కుటుంబపు ట్రాన్స్‌పోర్టర్‌ను తగ్గించి, మేలు పోతుందా లేదా చూడటం సరైన దారి. అదీ రెండు వ్యవస్థలతోనే, గాల్80 గారు చెప్పినట్టు. మేత ప్రయోగం ఎలాగూ చేస్తామంటే ఒక మోల్ మాల్టోజ్‌కు రెండు మోల్‌ల గ్లూకోజ్, విడిగా ఒక మోల్ సుక్రోజ్ కంట్రోళ్లుగా పెట్టండి. బరువు లెక్కన సమానం చేసి వదిలేస్తే చాలదు.

ఈ పేపర్ వార్తగా వచ్చినప్పుడు మాల్ట్ పొడి కొనుక్కుంటే అల్జీమర్స్ రాదా అని అడిగేవాళ్లు ఉంటారు. మన పేగులోనూ మాల్టేజ్ ఉంది. అంతకంటే చెప్పేదేం లేదు.

హీమోలింఫ్‌కు: 40 ఈగల థొరాక్స్‌కు సన్నని సూదితో గుచ్చి, అడుగున రంధ్రం చేసిన 0.5 మి.లీ. ట్యూబ్‌లో వేసి, దాన్ని 1.5 మి.లీ. ట్యూబ్‌లో పెట్టి 4 డిగ్రీల్లో మెల్లగా తిప్పండి. వచ్చేది కొన్ని మైక్రోలీటర్లే. నల్లబడకుండా ఫినైల్‌థయోయూరియా ఉండాలి. గుచ్చినప్పుడు కండరం చిరిగితే కండరంలోని ప్రోటీన్ అంతా అందులో పడుతుంది కాబట్టి అదే బ్లాట్‌లో మయోసిన్ హెవీ చెయిన్ కూడా చూడాలి. మయోసిన్ కనిపించిన శాంపిల్‌ను పక్కన పెట్టేయాలి.

యాంటీబాడీని గుడ్డిగా నమ్మకండి. వ్యాయామంలో కండరం వదిలే హార్మోన్ అన్న ఐరిసిన్ కథ గుర్తుంది కదా. 2012లో నేచర్‌లో వచ్చాక కిట్లు పుట్టుకొచ్చాయి, ఆ యాంటీబాడీల్లో చాలావాటిని 2015లో తప్పుపట్టారు. అదే ఏడాది మాస్ స్పెక్ట్రోమెట్రీతో మనిషి రక్తంలో మి.లీ.కు కొన్ని నానోగ్రాములే ఉన్నట్టు కొలిచాక గానీ గొడవ కొంత సద్దుమణగలేదు. అమైరెల్ లేని మ్యూటెంట్‌లో ఆ బ్యాండ్ పోతుందో లేదో చూపండి, లేదా ట్యాగ్ వేసిన అమైరెల్ వాడండి.

గాల్80

ఒకటి మర్చిపోయాను, గణాంకాల సంగతి. పైకెక్కే పరీక్షలో మీ ఎన్ (విడి శాంపిళ్ల సంఖ్య) అంటే వయళ్ల లెక్క, ఈగలది కాదు. ఒకే వయల్‌లోని 20 ఈగలు ఒకే మేత, ఒకే తేమ, ఒకే బాక్టీరియాను పంచుకుంటాయి. వాటిని 20 అని రాస్తే పీ-విలువ అబద్ధం చెబుతుంది. బ్లాట్‌కు కూడా ఒకే లైసేట్‌ను మూడు లేన్లలో పోస్తే మూడు కాదు, ఒకటే. వేర్వేరు క్రాస్‌ల నుంచి, వేర్వేరు వారాల్లో మొదలుపెట్టిన వయళ్ల నుంచి తీసుకోండి. 1వ వారం, 5వ వారం శాంపిళ్లను మైనస్ 80లో దాచి ఒకే రోజు, ఒకే జెల్ మీద నడపండి. 1వ వారానివి ఒక నెల ముందే బ్లాట్ చేసి, 5వ వారానివి తర్వాత వేరే మెంబ్రేన్ మీద చేసి పోలిస్తే మీరు చూసేది యాంటీబాడీ వయసు, ఈగ వయసు కాదు.